కర్తృలోపము : రంగూను తెలుగువారి కథను చెప్పిన భాషపై ఒక విమర్శ

స్వస్థలమునుండి తరుమబడి పరస్థలము చేరినవారిని తెలుగున కాందిశీకులందురు. 'ఏ దిక్కునకు పోదును?' అని అడుగువాడు కాందిశీకుడని ఈ సంస్కృత శబ్దమునకు వ్యుత్పత్తి. అమరసింహుడు దీనిని భయముచే పారిపోయినవానికి పర్యాయముగా పఠించినాడు. ఒక ప్రశ్నయే మనిషికి పేరైన ఇట్టి శబ్దములు ఏ భాషయందైనను అరుదు. పరుగెత్తువాడు ఈ మాటలో ఉన్నాడు, వాని భయమున్నది, దిక్కు తోచని స్థితి యున్నది. తరిమినవాడు మాత్రము లేడు. పూర్వులకు ఇది లోటుగా తోచియుండదు. దండయాత్రలు, క్షామములు, ఉప్పెనలు అన్నియు ఒక్క కోవకు చెందిన ఆపదలని తలచిన కాలమున భయహేతువును వేరుచేసి చెప్పవలసిన అవసరము తక్కువ. కాని ప్రభుత్వములు శాసనములు చేసి, పట్టికలు వ్రాయించి, ఒక జాతినంతను కదలించుట నేర్చిన ఇరువదవ శతాబ్దమునకు ఈ శబ్దము చాలదు.

బర్మాలోని తెలుగువారి చరిత్రను చెప్పుటకు మనము వాడుచున్న భాషను ఈ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. ఇది మనకు దూరపు విషయము కాదు. విశాఖపట్టణమున కంచరపాలెము ప్రాంతమునందు బర్మా క్యాంపు అను పేట నేటికిని ఆ పేరుతోనే యున్నది. ఆ పేటలోని వృద్ధుల కథ చరిత్రశాఖవారిది గదా, తెలుగుశాఖవారికి దానితో పనియేమి యని ఎవరైన అడుగవచ్చును. ఆ కథ మనకు చేరినది మాటలలో. ఆ మాటలను పరీక్షించుట మన పనియే.

ముందుగా, ఒక జాతినంతను నాశనము చేయుటకు మనకు గల శబ్దములను చూతము. పత్రికలలో తరచుగా కానవచ్చునవి నరమేధము, మారణహోమము, ఊచకోత. మొదటి రెండును యజ్ఞ పరిభాషనుండి వచ్చినవి. మేధమునకు యజమానుడుండును, ఋత్విక్కులుందురు, ఫలముండును. ఆహుతియైన పశువునకు సద్గతి కూడ చెప్పుదురు. హత్యకు ఈ పరిభాషను తగిలించుటవలన ఘోరత్వము పెరుగునని వ్రాయువారి తలంపు కావచ్చును. నాకు మాత్రము అది హత్యను ఒక విధి విహిత కర్మవలె చూపుచున్నట్లు తోచును. ఊచకోత పొలమునుండి వచ్చినది. పైరు కంకులను కోసినట్లు మనుష్యులను కోయుట. ఇందు కసి యున్నది, వేగమున్నది, కాని పండిన చేను కోయుటలో నేరమేమున్నది? జాతిసంహారము అను మాట ఇటీవలిది, పాఠ్యగ్రంథములది. అందమున కడపటిదైనను అర్థమున అదియే మేలు.

ఆ మాటకు మూలమైన 'జెనొసైడ్' అనునదియు ప్రాచీనము కాదు. పోలండు దేశపు యూదు న్యాయవాది రఫేల్ లెమ్కిన్ 1944లో ప్రకటించిన గ్రంథమున దీనిని కల్పించెను. జాతి యను నర్థముగల గ్రీకు పదమునకు చంపుట యను నర్థముగల లాటిను ప్రత్యయమును చేర్చి చేసిన పదమిది. మన వైయాకరణులు చూచినచో వైరిసమాసమని త్రోసిపుచ్చియుందురు. ఆ వైరిసమాసమే 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి ఒడంబడికలోనికి ఎక్కి, 1951 జనవరి 12నుండి అమలులోనికి వచ్చినది. భారతదేశము దానిని 1959లో ధ్రువీకరించినది. ఒడంబడిక నిర్వచనమున హతుల సంఖ్యకు ప్రాధాన్యము లేదు. ఒక జాతిని గాని, తెగను గాని, మతవర్గమును గాని ఆ వర్గమైన కారణముననే, సంపూర్ణముగనో పాక్షికముగనో నాశనము చేయవలెనను సంకల్పము దానికి ప్రాణము. సంకల్పమన్న తోడనే సంకల్పించినవాడు కావలెను. అనగా ఈ పదము కర్తను అడుగు పదము. మన పాత శబ్దములకును దీనికిని గల భేదమంతయు ఇచ్చటనే యున్నది.

లెమ్కిను మనస్సును ఈ దిక్కునకు త్రిప్పినది ఆర్మీనియనుల గతి. 1915 ఏప్రిలు 24న ఆటోమాన్ ప్రభుత్వము ఇస్తాంబూలులోని ఆర్మీనియను రచయితలను, ఉపాధ్యాయులను, ప్రముఖులను వందలకొలది నిర్బంధించెను. దానియేల్ వరుజాన్ వంటి కవులు అట్లు చంపబడినవారే. సంగీతజ్ఞుడైన కొమితాస్ ప్రాణముతో బయటపడెను గాని మతి చెదరి, శేషజీవితమును చికిత్సాలయములలో గడపెను. మే నెల చివర ఒక చట్టము వచ్చినది. దాని పేరునకు తెలుగున అర్థము చెప్పవలెనన్న 'స్థలమార్పిడి' యనవలసి యుండును. ఆ మార్పిడిలో సిరియా ఎడారి త్రోవలవెంట మరణించినవారు, చంపబడినవారు ఆరు లక్షలనుండి పదునైదు లక్షల వరకు అంచనా వేయబడిరి. అందుకు ముఖ్యకారకుడైన తలాత్ పాషాను 1921లో బెర్లినున ఒక ఆర్మీనియను యువకుడు కాల్చిచంపగా, ఒకని చంపుట నేరమైనప్పుడు ఒక జాతిని చంపుట నేరమెట్లు కాకపోయెనను సందేహము విద్యార్థియైన లెమ్కినుకు కలిగెను.

ఇందు మనకు ఎక్కువ ఉపయోగకరమైన సంగతి వేరొకటి. ఆర్మీనియనులు ఈ దుర్ఘటనను రెండు పేర్లతో చెప్పుకొందురు. ఒకటి 'అఘేత్'; మహోత్పాతమని దాని భావము. రెండవది 'మెద్స్ యెఘెర్న్'. మహాపరాధమని దాని భావము. ఉత్పాతమనునది ఆకాశమునుండియు ఊడిపడవచ్చును. అపరాధము అట్లు పడదు. ఒకే జాతి ఒకే దుఃఖమునకు ఈ రెండు పేర్లను ప్రక్కప్రక్కన నిలుపుకొన్నది. శవములను లెక్కించుటకు కాక, ఏ పేరు పెట్టవలెనను విషయముపై వందేండ్లకు పైగా రాజ్యములు వాదులాడుచున్నవి. అమెరికా అధ్యక్షుడు తన ఏప్రిలు 24 ప్రకటనలో జాతిసంహారమను మాటను వాడుటకు 2021 రావలసి వచ్చెను. మాటలతో పనియేమి యనువారికి ఇది చాలును.

ఆర్మీనియనులు మనకు పరాయివారు కారు. పదునేడవ శతాబ్దమున మచిలీపట్టణమున వారి వర్తకులుండిరి. వారి భాషలో మొట్టమొదటి పత్రిక 'అజ్దరార్' 1794లో వెలువడినది చెన్నపట్టణమున. రంగూను నదీతీరమున స్ట్రాండ్ హోటలును నడపిన సార్కీస్ సోదరులును ఆర్మీనియనులే. ఆ హోటలు వాకిట నిలిచి చూచినచో ఎదుట రేవు. ఆ రేవున బియ్యపు బస్తాలు మోసినవారు మనవారు.

అక్కడకు పోవుటకు ముందు మన వాఙ్మయమున ఈ భావము నిజముగా లేదా యను ప్రశ్నకు సమాధానము చెప్పవలెను. శబ్దమున లేనిది కథలో ఉండవచ్చును. ఆంధ్ర మహాభారతము ఆదిపర్వమును సంహారకథల దృష్టితో చదివినచో ఆశ్చర్యము కలుగును. నన్నయ ఆదిలోనే మనకు చెప్పినవి ఒక జాతినంతను తుడిచిపెట్టదలచిన వారి కథలు. కృతవీర్యుని వంశజులైన క్షత్రియులు ధనము దాచినారను కోపముతో భార్గవులను గర్భస్థ శిశువులతో కూడ చంపిరి. తప్పించుకొని పుట్టిన ఔర్వుడు లోకములన్నిటిని దహింపబూనగా పితృదేవతలు వారించిరి. అతడు ఆ కోపాగ్నిని సముద్రమున విడిచెను. ఈ కథ చెప్పి వసిష్ఠుడు పరాశరుని శాంతింపజేసినను, పరాశరుడు రాక్షసులందరిని వ్రేల్చుటకు సత్రము చేయనే చేసెను. పులస్త్యాదులు వచ్చి దానిని మాన్పవలసి వచ్చెను. అన్నిటికిని పెద్దది జనమేజయుని సర్పయాగము.

సర్పయాగమునకు ప్రేరకుడు ఉదంకుడు. మన విద్యార్థులు కంఠస్థము చేయు నాగస్తుతి పద్యములు ఈతనివే. కుండలములకై పాతాళమునకు పోయి నాగరాజులను అంత మధురముగా స్తుతించిన నోటితోనే, ఆ పని ముగిసిన పిదప, తన సొంత పగకై, జనమేజయుని తండ్రి చావును గుర్తుచేసి నాగకులమునంతను అగ్నిపాలు చేయుమని చెప్పెను. ఈ రెండు ఘట్టములను వేర్వేరుగా బోధించుట మన తరగతులలో ఆచారమైనది. మొదటిదానిలో ధారాశుద్ధిని, అక్షరరమ్యతను చెప్పి ఊరకుందుము. రెండవది వ్యాఖ్యానమునకు నోచుకొనదు. స్తుతించిన వాక్కే సంహారమునకు పురికొల్పినదని ప్రక్కప్రక్కన పెట్టి చూపిన నన్నయ ప్రసన్నకథాకలితార్థయుక్తికి ఇంతకంటె నిదర్శనము వేరుగా కావలెనా?

ఇంకను చిన్నది, నా దృష్టిలో ఇంకను గొప్పది, రురుని కథ. పాముకాటుచే మరణించిన ప్రియురాలు ప్రమద్వరను తన ఆయుర్దాయమున సగమిచ్చి బ్రతికించుకొన్న రురుడు, అటుపై కనబడిన పామునెల్ల చంపుట వ్రతముగా పెట్టుకొనెను. ఒకనాడు విషములేని డుండుభమును కొట్టబోగా అది, తాను ఎవరికిని కీడు చేయనిదాననని, పాములను పేరు గలిగినంత మాత్రమున చంపదగునా యని అడిగినది. జాతిసంహారమును గూర్చి తెలుగున ఇంతకంటె సూక్ష్మమైన విమర్శను నేను చూడలేదు. కరచినది ఒకటి, పేరు అన్నిటిది. ఆ పేరే హేతువైనప్పుడు ఎదుటనున్నది కరచునదా కరవనిదా యని చూచుటకు ఎత్తిన కఱ్ఱకు తీరిక యుండదు. ఒడంబడికలోని 'ఆ వర్గమైన కారణముననే' యను మాటకు ఇదియే దృష్టాంతము. సర్పయాగమును ఆపినవాడు ఆస్తీకుడు, తండ్రి మునియు తల్లి నాగకన్యయు అయినవాడు, అనగా రెండు జాతులకును చెందినవాడు, అనుటయు గమనింపదగినది. ఇట్టివారు రంగూనులోను ఉండిరి. వారి మాట వినినవారు లేరు.

ఇక రంగూను. ఉత్తరాంధ్రమున దానిని 'రంగము' అనిరి. కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము, కాకినాడ రేవులనుండి ఓడలెక్కి కూలికి పోవుటను రంగము పోవుట యనిరి. విశాఖలో లోపలి ఓడరేవు 1933లో తెరువబడుటకు ఎంతో పూర్వపు మాట ఇది. మేస్త్రీ బయానా యిచ్చి మనుష్యులను కూర్చును; ఆ బయానా తీరువరకు కూలివాడు మేస్త్రీ చేతిలో ఉండును. అచ్చట వారికి వచ్చిన పేరు 'కోరంగీలు'. కాకినాడ చెంతనున్న కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. తుపానులకు, మేటలకు లోనై క్షీణించినది. ఊరు పోయి ఊరి పేరు సముద్రము దాటి ఒక జాతికి పేరైనది. శ్రీకాకుళము వాడైనను, గంజాము వాడైనను రంగూనులో కోరంగీయే. దానిపై బర్మీయులు పెట్టిన పేరు మరియొకటి, 'కలా'. పడమటినుండి వచ్చిన పరదేశి యని వాడుక. తెల్లదొరలను కూడ మొదట 'తెల్ల కలా' లనిరట! కాలక్రమమున తెల్లవాడు ఆ పేరునుండి తప్పుకొనెను. బరువు మోయువాని మీదనే అది నిలిచెను.

1931 జనాభా లెక్కలలో రంగూను జనసంఖ్య 4,00,415. అందు భారతీయులు 2,12,929. బర్మా మొత్తమున భారతీయులు పది లక్షలకు పైబడిరి. తమ రాజధానిలో తామే అల్పసంఖ్యాకులైన జాతికి ఏమి తోచునో ఊహించుట కష్టము కాదు, ఆ బాధను మనము చిన్న చేయరాదు. 1937 నాటికి దిగువ బర్మాలోని పదుమూడు ముఖ్యమైన వరిపంట జిల్లాలలో సాగుభూమి నాలుగవ వంతు చెట్టియార్ల వశమైనది. చెట్టియార్లు తమిళ వడ్డీవ్యాపారులు. రేవులోని కోరంగీ తాను స్వయముగా అప్పులలో మునిగినవాడు. కాని ఇద్దరికిని పేరు ఒక్కటే, కలా. భూమి పోగొట్టుకొన్న రైతు కత్తికి చెట్టియారు అందుటకంటె కూలివాడు అందుట సులభము. ఇది డుండుభము కథ గాక మరేమి?

1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంపునకై సమ్మె కట్టిరి. ఓడ సరకుల గుత్త సంస్థలు, అవి ఐరోపీయులవి, బర్మీయ కూలీలను తెచ్చి పని చేయించినవి. సమ్మె రాజీ అయిన పిదప మే 26న పనికి వచ్చిన బర్మీయులకు ఇక పని లేదని చెప్పిరి. తిరిగి పనిలోనికి వచ్చుచున్న తెలుగువారికిని, వెళ్ళగొట్టబడిన వారికిని మాటామాటా పెరిగి కొట్లాట అయినది. అది ఆ దినముతో ఆగక నగరమంతట వ్యాపించినది. ఇండ్లలోనికి చొరబడి తెలుగువారిని చంపిరి. ప్రభుత్వపు లెక్క ప్రకారము మృతులు సుమారు నూట ఇరువది, గాయపడినవారు తొమ్మిది వందలు. అనధికారపు అంచనాలు దానికి రెండు మూడింతలు. అప్పటి రంగూను జిల్లా మేజిస్ట్రేటు మారిస్ కాలిస్ తన అనుభవమును 1938లో ఇంగ్లీషున ప్రకటించెను. రేవు కూలీల జీవితమును గూర్చి ఆండ్రూ 1933లోనే ఒక గ్రంథము వ్రాసెను.

మన పుస్తకములలో ఈ ఘటనకు దొరకు వాక్యము సాధారణముగ ఇట్లుండును: '1930లో రంగూనులో అల్లర్లు జరిగినవి, అనేకులు మరణించిరి.' ఇందు వ్యాకరణరీత్యా కర్త అల్లర్లే. అల్లర్లే అల్లర్లను చేసికొన్నట్లు! రెండవ ఖండమున మరణించినవారే కర్తలు. చంపుట యను సకర్మక క్రియ వాక్యమునుండి తప్పించబడినది. పోనీ, ఈ లోటును తీర్చుటకు 'బర్మీయులు తెలుగువారిని చంపిరి' అని దిద్దుదమా? వ్యాకరణమునకు తృప్తి కలుగును; సత్యమునకు కలుగదు. ఒక జాతినంతను కర్తగా నిలుపుట రురుడు కఱ్ఱనెత్తుట వంటిదే. బర్మీయ కూలి కూడ ఆకలితో వచ్చి, వాడుకొని పారవేయబడినవాడు. ఇచ్చట చెప్పవలసిన కర్తలు పెక్కుమంది: సమ్మెను విరుచుటకు ఒక జాతిని మరియొక జాతిపైకి తెచ్చిన గుత్తదారులు, ఆ ఉదయము జరుగబోవుదానిని ఊహింపని పాలకులు, కత్తి పట్టినవారు. కర్తను చెప్పుట యనగా విడదీసి చెప్పుట. మన వాక్యములు ఒకచో కర్తను లోపింపజేయును, ఒకచో జాతిని కర్తగా చేయును. ఈ రెండు దోషములును ఒకదానికొకటి విరుద్ధములుగా కనబడినను ఫలమున ఒకటే. నిజముగ చేసినవాడు రెండింటను దాగిపోవును.

1930 ఘటనను జాతిసంహారమని నేను అనజాలను. దానికి వెనుక నాశన సంకల్పము గల ప్రభుత్వము లేదు. ఆవేశముతో పెద్ద మాటను పట్టుకొనుట పరిశోధకునకు తగదు. అట్లు వాడుకొన్నచో ఆర్మీనియనుల విషయమున ఆ మాటకు గల పదును పోవును. అయినను ఆ మెట్లలో క్రింది మెట్టు ఇదియే. మనిషి పోయి పేరు మిగులుట మొదలు. 1938 జూలైలో రంగూనున మరల దాడులు చెలరేగినవి, ఈసారి మొదట ముస్లిములపై, పిదప భారతీయులపై. ఒక పుస్తకములోని మతదూషణ దానికి నిమిత్తమైనది. విచారణ సంఘము నిప్పు రాజేసిన పత్రికల పాత్రను ప్రత్యేకముగా ఎత్తిచూపినది. ఉదంకుడు ఇప్పుడు అచ్చుయంత్రమును సంపాదించుకొన్నాడన్నమాట.

1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడగా రేవు కూలీలు వేలకొలది ఊరు విడిచిరి. వారు పోయిన రేవు స్తంభించునని ప్రభుత్వము వారిని నచ్చజెప్పి వెనుకకు త్రిప్పినది. 1942 మార్చి 8న రంగూను జపాను వశమయ్యెను. ఓడలు దొరకినవారు విశాఖ, మద్రాసు, కలకత్తా చేరిరి. దొరకనివారు అరకాను కొండలగుండ, మణిపురము త్రోవను, ఇంకను ఉత్తరమున హుకాంగు లోయగుండ కాలినడకను వచ్చిరి. నాలుగైదు లక్షలమంది ఇట్లు వచ్చిరనియు, త్రోవలో మరణించినవారు పదివేలకు తక్కువ గాదనియు, అర లక్ష దాటియుండవచ్చుననియు అంచనాలు కలవు. హ్యూ టింకర్ 1975లో దీనిపై వ్రాసిన వ్యాసమునకు మరచిపోబడిన దీర్ఘయాత్ర యను నర్థము వచ్చు పేరు పెట్టెను. ఆ ఏప్రిలు 6న విశాఖపై కూడ బాంబులు పడినవి. మన విశ్వవిద్యాలయమే గుంటూరునకు తరలవలసి వచ్చినది. దానిని మనము 'తరలింపు' అందుము. కొండలలో నడచినవారిది 'పలాయనము'. భయము ఇద్దరిదియు ఒకటే గదా!

మూడవ ఘట్టము 1964. 1962 మార్చి 2న అధికారమును చేజిక్కించుకొన్న నే విన్ సైనిక ప్రభుత్వము 1964 మార్చిలో దుకాణములను జాతీయము చేసెను. మే నెలలో ఏబది, నూరు చాట్ నోట్లను రద్దు చేసెను. చట్టము మాటలలో ఏ జాతి పేరును లేదు. దెబ్బ ఎక్కువగ ఎవరికి తగిలినదో ఓడలు చెప్పినవి. మొత్తము మీద ఆ సంవత్సరములలో సుమారు మూడు లక్షల భారతీయులు బర్మాను విడిచిరి. విశాఖ రేవున దిగినవారికి ఏర్పరచినదే బర్మా క్యాంపు. ప్రభుత్వ పత్రములు దీనిని 'స్వదేశాగమనము' అనినవి. బర్మాలో పుట్టి, బర్మీయ భాషలో చదివి, అచ్చటి అన్నము తిన్నవానికి విశాఖ ఏ విధముగ స్వదేశము? ఈ మాట తరిమినవానిని దాచుటయేగాక, తరుమబడినవానిని ఇల్లు చేరినవానిగా చూపుచున్నది. ఆర్మీనియనులకు 'స్థలమార్పిడి' యెట్టిదో వీరికి 'స్వదేశాగమన' మట్టిది. మాటలలో పోలిక యున్నదని మాత్రమే నా ఉద్దేశము, ఫలములలో అపారమైన అంతరమున్నది.

ఇదే ఊరిలో దీనికి సరిపోల్చదగిన మరియొక మాట కలదు. ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగినది. దానికై ఊళ్లు ఖాళీ చేసినవారిని 'నిర్వాసితులు' అనుచున్నాము. అది కర్మార్థక రూపము. వాసము లేకుండ చేయబడినవాడని అర్థము. చేసినవాడెవడను ప్రశ్న ఆ రూపమునందే ఇమిడియున్నది, కనుకనే ఆ మాటతో అర్జీలు పెట్టుటకు, ఉద్యోగము అడుగుటకు వీలైనది. కాందిశీకుడు ఎవరిని అడుగును? అతడు అడుగునది దిక్కును మాత్రమే.

ఇక మన సాహిత్యము. సోమరాజు రామానుజరావు 'రంగూన్ రౌడీ' నాటకము ఆంధ్రదేశమున ఊరూర ఆడినది. ఆ పేరు జనులకు ఇచ్చిన రంగూను వేరు, రేవుకూలి చూచిన రంగూను వేరు. ఫ్రాంజ్ వెర్ఫెల్ అను ఆస్ట్రియను రచయిత, తాను ఆర్మీనియను కాకున్నను, 1933లో మూసా పర్వతముపై నలువది దినములను గూర్చి గొప్ప నవల వ్రాసి ఆ జాతి కథను లోకమునకు వినిపించెను. రంగూను రేవు కథను భారతీయ నవలలోనికి తెచ్చినవాడు బంగాళీ యగు అమితావ్ ఘోష్. 2000లో వెలువడిన 'గ్లాస్ పాలెస్'లో 1930 హత్యలును, 1942 నడకయు రెండును కలవు. అది ఇంగ్లీషు నవల. తెలుగువారి శవములు అందున్నవి, తెలుగు మాట లేదు. ఘోషును తప్పుపట్టుటకు ఇది అనుట లేదు. రంగము పోయినవారిలో అక్షరాస్యులు మిక్కిలి తక్కువ. అక్షరాస్యులైన మనవారు వారిని తమవారుగా ఎంచుకొనుట ఇంకను తక్కువ. జాతీయోద్యమ కవిత్వమున తెలుగుజాతి యను మాట ఎన్ని మారులు వచ్చినదో, ఆ జాతిలో ఓడ మెట్లపై బస్తా మోయువాడు ఎన్ని మారులు కనబడినాడో లెక్కించి చూచిన పరిశోధన ఒకటి రావలసి యున్నది.

ఈ విషయము పాతబడినదని తలచువారికి ఒక మాట. 1982లో బర్మా చేసిన పౌరసత్వ చట్టము, 1823కు పూర్వము తమ పూర్వులు ఆ దేశమున నివసించిరని చూపగలుగుటను సంపూర్ణ పౌరసత్వమునకు గీటురాయిగా చేసెను. దానివలన అత్యధికముగ దెబ్బ తిన్నవారు అరకానులోని రోహింగ్యా ముస్లిములు. 2017 ఆగస్టునుండి ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశమునకు పారిపోయిరి. 2019లో గాంబియా దేశము జాతిసంహారపు ఒడంబడిక క్రింద మయన్మారుపై అంతర్జాతీయ న్యాయస్థానమున వ్యాజ్యము వేయగా, 2020 జనవరి 23న ఆ న్యాయస్థానము రోహింగ్యాలను రక్షింపవలసినదని తాత్కాలికపుటుత్తరువులిచ్చెను. వారిని అచ్చట పిలుచు పేరేది? కలా. మన కోరంగీలను పిలిచిన పేరే. ఆ రోహింగ్యాలలో కొందరు హైదరాబాదు శివారున బాలాపూరులో నివసించుచున్నారు. వారిని గూర్చి మన పత్రికలు వ్రాయునప్పుడు కాందిశీకులను పాత మాట కూడ రాదు. 'అక్రమ వలసదారులు' అను మాట వచ్చును. పరుగెత్తినవానిని దయతో చూచిన పాత శబ్దమున కర్త లేకుండెను. ఈ క్రొత్త మాటలో కర్త యున్నాడు, కాని తరుమబడినవాడే ఆ కర్త! మన అమ్మమ్మల తరమువారిని ఏ పేరు రంగూనులో చంపినదో ఆ పేరు మోయుచు వచ్చినవారిని తెలుగున మనము ఏమని పిలుచుచున్నామో తెలుగు పండితులు చూడవలదా?

కర్తవ్యము ఒకటి త్వరపడవలసినది కలదు. 1964లో ఇరువదేండ్ల వయస్సున ఓడ దిగినవారికి నేడు ఎనుబది దాటినది. ఇటీవల ఒక పరిశోధక విద్యార్థి బర్మా క్యాంపు వృద్ధులకై తాను సిద్ధపరచిన ప్రశ్నావళిని నాకు చూపెను. అందు ముప్పది ప్రశ్నలున్నవి: ఎప్పుడు వచ్చితిరి, ఏ ఓడలో వచ్చితిరి, ఏమేమి తెచ్చుకొంటిరి, ఇచ్చట మొదట ఏ పని చేసితిరి. శ్రద్ధతో కూర్చిన ప్రశ్నలే. వచ్చుట, తెచ్చుకొనుట, చేయుట, అన్ని క్రియలకును ఆ వృద్ధులే కర్తలు. మూడు ప్రశ్నలను చేర్పుమని చెప్పితిని: మీ దుకాణము తాళముచెవిని ఎవరు తీసికొనిరి? రేవులో మీ నగలను తూచినవారెవరు? మీరు వచ్చునాడు మిమ్ము ఆగుమన్న బర్మీయ పొరుగువారు ఉండిరా, వారి పేర్లేమి?